పదునాఱవ కిలోమీటరున ఒక చెఱువు

బెంగుళూరు విడిచి కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరుల మీదుగా చెన్నపట్టణమునకు పోవు ప్రాత మద్రాసు రోడ్డు, కృష్ణరాజపురము దాటువఱకును తాను రాజమార్గమన్న సంగతి మఱచినదియో యనునట్లు, లారీల నడుమను, ఆటోల నడుమను, తిరుపతి, మదనపల్లె యని పలకలు తగిలించుకొన్న ఆంధ్రదేశపు బస్సుల నడుమను ఇఱుకుకొని, పది యడుగులు సాగి, పది నిమిషములు నిలిచి, మఱల సాగుచుండును. ఈ యూరిని కృష్ణరాజపురమని నిండు పేరున పిలుచువారు రైల్వేవారు తక్క నాకు కనబడలేదు. తక్కినవారందఱికిని ఇది కె.ఆర్.పురమే. ఒకచోట రైలుపట్టాలపై తీగెలు చేపట్టి వ్రేలాడు వంతెన, ఒకచోట 1948లో నెలకొన్న టెలిఫోను కర్మాగారమును బట్టి పేరు తెచ్చుకొన్న దూరవాణీనగరము, నెత్తిపైన 2023 అక్టోబరున బయ్యప్పనహళ్ళితో అతుకు కుదిరిన మెట్రో దారి. ఇన్ని కాలములు ఒకదానినొకటి ఒరసికొనుచుండగా, బజారున బేరమాడు ముసలివారు మాత్రము కన్నడమున అడిగిన ధరకు తెలుగున జవాబు చెప్పి, తెలుగున తగ్గించిన ధరను కన్నడమున ఒప్పుకొనుచుందురు.

ఆ రోడ్డుమీదనే, భట్టరహళ్ళి చెంత, 'పదునాఱవ కిలోమీటరు' అని దూరమునే చిరునామాగా చేసికొన్న గార్డెన్ సిటీ విశ్వవిద్యాలయమునకు ఒకనాటి మధ్యాహ్నము పోవలసివచ్చెను. 1992లో కళాశాలగా పుట్టి, 2013నాటి రాష్ట్ర శాసనముచే విశ్వవిద్యాలయమైన ఆ సంస్థలో నా మేనల్లుని కుమారుడు వాణిజ్యశాస్త్రము చదువుచున్నాడు. "తాతా, మా పిల్లోళ్ళు గీసిన బొమ్మలు పెట్టినారు. సాయంత్రం నాటకం గూడా ఉంది. ఊరికే పుస్తకాలు ముందరేసుకుని కూర్చోకుండా రా" అని వాడు ఫోనులో చేసిన యాహ్వానమున ఆజ్ఞయే యధికముగా నుండెను. కాదనలేకపోయితిని.

బొమ్మలు పెట్టిన గది నిన్నటివఱకును పాఠములు చెప్పిన గదియే. బల్లలన్నియు ఒక మూలకు చేరి ఒకదానిపై నొకటి ఎక్కి కూర్చున్నవి. నల్లబల్లమీద ఎవరో తుడిచియు తుడువని ఒక సమీకరణపు తోక యింకను వ్రేలాడుచుండెను. గోడల పొడవున ఛాయాచిత్రములు, నీటిరంగుల చిత్రములు, బొగ్గుగీతలు, కిటికీల క్రింద మట్టిబొమ్మలు, వాకిట తలలేని కొయ్యబొమ్మలకు తొడిగిన వస్త్రములు. వానిలో ఒకదాని అంచున కాళహస్తి కలంకారీ తీగెయు, ఒకదాని కొంగున ఇలకల్ చీరల వన్నెయు కలవు. ఇట్టిచోట్ల నేను చిత్రముల కంటె ముందుగా వానిని గీచినవారినే చూచుచుందును. ఒకడు తన పటమునకు పది అడుగుల దూరమున, అది తనది కానట్టు, చేతులు కట్టుకొని నిలుచుండెను. ఒకతె తన బొమ్మకు ఆనుకొని, కన్నతల్లి బిడ్డను ఎవరికిని ఇయ్యనట్టు నిలుచుండెను. ఇంకొకడు వచ్చినవారి ముఖములను మాత్రమే చూచుచుండెను. ఎవరు ఎన్ని క్షణములు నిలిచిరో వాడు మనసులో లెక్క వ్రాసికొనుచున్నాడని నాకు తోచెను.

ఆ లెక్కలో నేను దోషినైతిని. కిటికీకి ప్రక్కన, నాలుగు కాగితములు జిగురుతో అతికి చేసిన పెద్ద బొగ్గుచిత్రమొకటి యుండెను: అడుగున నీరు, నీటినడుమ నిలువుగా ఒక నల్లని స్తంభము, పైన మబ్బులు. రైల్వేస్టేషను చెంతనున్న తూగువంతెన కంబమని తలచి, "వంతెన బాగున్నదమ్మా" అని రెండుమాటలు పడవేసి ముందునకు సాగితిని. వెనుకనుండి మెత్తనిదైనను బెదురులేని గొంతు వినవచ్చెను.

"సార్, అది వంతెన గాదు సార్. మనిషి."

వెనుదిరిగితిని. నిజమే. స్తంభమని నేననుకొన్నది నడుమువఱకు నీట దిగిన స్త్రీ. కంబపు చీలికలని భ్రమించినవి ఆమె చీరె కుచ్చెళ్ళు. తీగెలని తలచినవి విప్పుకొన్న వెండ్రుకలు. సిగ్గుపడి, "ఎవరమ్మా యీమె?" అంటిని.

"ముసలమ్మ సార్. మాది అనంతపురం పక్క పల్లె. బుక్కరాయసముద్రం చెరువుకాడ ముసలమ్మ కట్ట ఉంది, చూసినారా? చెరువు తెగిపోతాంటే ఆమె పోయి గండిలో నిలబడింది. మా అవ్వ చెప్తాంటుంది. ఈడ వెంగయ్య చెరువు చూసినప్పుడు నాకు ఆమే గుర్తుకొచ్చింది. అందుకే ఈ చెరువులో ఆమెను నిలబెట్టినాను."

ముసలమ్మ! ఆ పేరు నేనెఱుగనిది కాదు. కాని నేనామెను ఎఱిగినది గ్రంథద్వారమున; ఆ బాలిక ఎఱిగినది అవ్వ నోటను, చెఱువుకట్టమీది కాలిబాటను. చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచు, పందొమ్మిదేండ్లయిన నిండని కట్టమంచి రామలింగారెడ్డి, 1899లో ఆ కళాశాలయందలి భాషాసమాజమువారు పెట్టిన పోటీకొఱకు ఈ కథనే పద్యములుగా అల్లి 'ముసలమ్మ మరణము' వ్రాసి బహుమానము గైకొనెను. పేరునకే ముసలమ్మ గాని, కథలో నామె ఇంటికి కడగొట్టు కోడలు, పసిబిడ్డ తల్లి. ఊరి నిమిత్తము తెగిన కట్టకడకు తానై నడచిపోయిన యౌవనవతి. దేవతలును రాజులును కాక పల్లెటూరి కాపుకోడలు కావ్యనాయిక యగుట అప్పటికి క్రొత్త. నేడు మన విమర్శకులు ఆధునికాంధ్ర కవిత్వపు తొలి వెలుగులలో నొకటిగా లెక్కించు ఆ కృతి, పుట్టినప్పుడు ఒక విద్యార్థి పోటీకి పంపిన కాగితముల కట్టయే కదా! ఈ రోడ్డున తూర్పుగా పోయిన చేరు చిత్తూరునకు ఆనుకొనియున్న కట్టమంచియే ఆయన జన్మస్థలము. తరువాత ఆయన ఈ మైసూరు సీమలోనే మహారాజా కళాశాలకు అధ్యక్షుడై, విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలై, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షుడయ్యెను. ఆ విద్యాలయమునకు తెలుగువారు పెట్టుకొన్న పేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. విద్య యన్నచోట కళ యని పలుకుటకు వారు సంకోచింపలేదు.

అయినను పేరు పెట్టుట సులభము. నిలిచి చూచుట కష్టము. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు దామెర్ల రామారావు చేతిలోని ప్రజ్ఞను గుర్తించి, చేరదీసి, బొంబాయి జె.జె. కళాశాలకు పోవు త్రోవ చూపింపకున్నచో, 1925లో ఇరువది యెనిమిదవ యేటనే అస్తమించిన ఆ చిత్రకారుని పేరు నేడు మనకు మిగిలియుండునో లేదో చెప్పజాలము. అడివి బాపిరాజును ఆ కూల్డ్రే శిష్యుడే. ఆ దొర వారికి ఇచ్చినది బిరుదము కాదు, పారితోషికము కాదు; తన కన్నులనిచ్చెను. నేనో, రెండు క్షణములైన ఈయలేక, మనిషిని కంబమంటిని.

సాయంకాలము ఆరుబయట మెట్లమీద నాటకము. ఒకప్పుడు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామిగారు దస్తావేజుల నడుమ కూర్చుండవలసిన ఉద్యోగియయ్యును, విద్యార్థుల నాటకములకు ఆరుబయలు రంగస్థలమును, కళాశాలల నడుమ పోటీలను కల్పించిన ముచ్చట నాకు జ్ఞప్తికి వచ్చెను. ఇక్కడి రంగమునకు తెర లేదు, దీపములు రెండు. ఇతివృత్తము మరల చెఱువే! నగరపు నడిబొడ్డున మెజెస్టిక్ బస్సుస్టాండున ఒక ప్రయాణికుడు రాత్రి చివరి బస్సుకొఱకు కాచుకొనియుండగా, ఆ స్థలమున పూర్వముండిన ధర్మాంబుధి చెఱువు ఒక వృద్ధురాలై వచ్చి, "నా నెత్తిమీద నిలుచున్నావు, కొంచెము జరుగుము" అనును. అంతలో క్రీడారంగమైపోయిన సంపంగి చెఱువు ఆమె చెల్లెలై వచ్చి, తన కడుపులో పరుగెత్తువారి కాళ్ళసడికి నిద్రపట్టుట లేదని మొఱపెట్టుకొనును. వృద్ధురాలు కన్నడమాడును, చెల్లెలు తమిళము కలిపిన కన్నడమాడును, ప్రయాణికుడు హిందీలో నెట్టుకొనివచ్చును. ఒకచోట ఆ కుఱ్ఱవాడు తన మాట మఱచి, ఒక్క నిమేషము శూన్యమున చూచి, చేతికందిన తాడువలె తన ఇంటిభాషను పట్టుకొని, "అవ్వా, నాకేం తెలుసు, టికెట్టు కొన్నా గదా!" అని తెలుగున అఱచెను. మెట్లన్నియు నవ్వెను. ముందే వ్రాసిపెట్టుకొన్న మాటలన్నింటికంటెను ఆ మఱచిన మాటయే కథకు సరిగా అతుకుట చూచి, కె.ఆర్.పురపు బజారు కొంతసేపు వేదిక నెక్కినట్లు నాకు తోచెను.

నాటకము ముగిసి జనము చెదరిన పిదప, నేను మనుమని వెదకుచు మఱల ఆ గదికి పోయితిని. మఱునాడు పాఠములున్నవి గాన పటములు దింపుచుండిరి. మట్టిబొమ్మలు అట్టపెట్టెలలో వార్తాపత్రికల పొరలలో పండుకొనినవి. ఆ బాలిక ఎత్తైన బల్లపై నిలిచి, మేకులనుండి తన చిత్రమును విడదీయుచుండెను. నన్ను చూచి, ఎట్టి సంకోచమును లేక, "సార్, ఈ కొస కొంచెం పట్టుకుంటారా? అంటించింది ఊడిపోతాది" అనెను. పట్టుకొంటిని. మధ్యాహ్నము ఈయలేకపోయిన క్షణములకు ఆమె వడ్డీతో వసూలు చేసికొనుచున్నదనుకొంటిని. ఏలన చేతులు ఖాళీలేని మనిషి చూడక తప్పదు. అంత దగ్గఱగా చూడగా ముసలమ్మ ముఖము కనబడెను. ఆమె భయపడుట లేదు. దేవతవలె వెలుగుటయు లేదు. ఇంట పొయ్యిమీద ఏదో పెట్టి వచ్చి, త్వరగా ఈ పని ముగించి పోవలెనను గృహిణివలె, కనుబొమలు కొంచెము ముడిచి నీటిని చూచుచున్నది. ఇది కట్టమంచివారి ముసలమ్మ కాదు. ఈ బాలిక అవ్వ చెప్పిన ముసలమ్మ.

మేకులన్నియు ఊడగా కాగితము నా చేతులలో ఒక్కసారి తిరుగబడెను. వెనుకతట్టున ఎఱ్ఱగీతల పట్టీలు, నీలిసిరాతో వ్రాసిన అంకెలు: జమలు, ఖర్చులు, నిలువలు, అడుగున రెండు మొత్తములు సరిపోయినట్టు జంటగీతలు. ఆమెయు వాణిజ్యశాస్త్ర విద్యార్థినియే.

"పోయిన సంవత్సరం రికార్డు కాగితాలు సార్. మార్కులు వేసేసినారు గదా, ఊరికే పారేసేదెందుకని" అని ఆమె నవ్వి, బల్ల దిగి, చిత్రమును నా చేతినుండి తీసికొని నేలమీద పఱచి, బొగ్గు అంటుకొని చెడకుండ బొమ్మ లోపలికి వచ్చునట్లు మెల్లగా చుట్టెను. చుట్ట చంకబెట్టుకొని హాస్టలు వైపు పోవుచున్న ఆమెను ఎవరైన చూచినచో, వారికి వెలుపల లెక్కలు మాత్రమే కనబడును.