గుత్తి నుంచి యాడికి: ఒక పరికరం మీది మమకారం

గుత్తి కోట కొండ కనుమరుగయ్యే వేళకు తాడిపత్రి రైలు దారి పక్కన చెట్టూ చేమా పలచబడతాయి. ఎర్రనేల, మధ్యమధ్య నల్లరేగడి, పంట తీసేసిన వేరుశనగ చేలు, వాటి మీద అడ్డూ ఆపూ లేని ఆకాశం. రాయలచెరువు స్టేషన్లో దిగి యాడికి రోడ్డు పట్టుకుంటే నాపరాయి రాజ్యం మొదలవుతుంది. ఇటు వచ్చేవాళ్ళు మామూలుగా కోన రామలింగేశ్వరుడి దర్శనానికో, రాయి బేరానికో వస్తారు. నన్ను ఇటు లాక్కొచ్చింది ఒక ప్రశ్న. సరదా కొద్దీ ఆకాశం చూసే ఔత్సాహికులు తమ టెలిస్కోపు మీద ఎందుకంత ప్రాణం పెట్టుకుంటారు? అంతకంటే పెద్దది, కొత్తది దొరుకుతున్నా పాతదాన్ని వదలరు. దానికి పేర్లు పెడతారు, దుమ్ము పడితే బాధపడతారు. చూసేవాళ్ళకు ఇది ఉత్త మురిపెంలా ఉంటుంది. నేను మాత్రం దీన్ని ఒక రకమైన జ్ఞానం అంటాను. ఒక పరికరం లోపాలన్నీ తెలిసేదాకా దానితో గడపడమే ఆ మమకారం. ఆ గడిపిన కాలమే చూసిన దానికి విలువ తెస్తుంది. దీనికి మొదటి సాక్ష్యం ఇప్పుడు దాటి వచ్చిన గుత్తిలోనే ఉంది.

1811లో సర్వేయరు విలియం లాంబ్టన్ గుత్తి దగ్గరకు వచ్చాడు. సర్వే లెక్కల్లో నామ్తాబాద్ అని కనిపించే ఊరి దగ్గర, నడినెత్తికి సమీపంగా దాటే నక్షత్రాలను జెనిత్ సెక్టార్‌తో కొలిచాడు. కన్యాకుమారి దగ్గరి పున్నె నుంచి ఇక్కడిదాకా భూమి వంపును లెక్కగట్టడానికి ఆ కొలతలు ఆధారం. ఆ చోటు అక్షాంశం 15 డిగ్రీలు దాటి కొంచెం. యాడికి కూడా దాదాపు అదే గీత మీద ఉంది. నా వాదనకు అక్కరకొచ్చేది అతని రెండో పరికరం, విలియం కేరీ చేసిన అరటన్ను బరువు థియోడొలైట్, అంటే కోణాలు కొలిచే యంత్రం. ఇంగ్లండు నుంచి వస్తుండగా ఫ్రెంచివాళ్ళు ఓడను పట్టుకుని దాన్ని మారిషస్ తీసుకెళ్ళారు, తర్వాత మర్యాదగా తిప్పి పంపారు. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది, కొలతల చక్రం వంకరపోయింది. ఇంకొకరైతే కొత్తది తెప్పించుకునేవారు. లాంబ్టన్ దాన్ని గుడారంలోకి తెచ్చుకుని, వారాల తరబడి మరలతో, కప్పీలతో రవ్వరవ్వ లాగి చక్రాన్ని మళ్ళీ గుండ్రంగా తీర్చాడు. అతను జీతానికి పనిచేసిన సర్వేయరు, ఔత్సాహికుడు కాడు అనవచ్చు. నిజమే. కానీ ఆ గుడారంలో చేసిన పని జీతం చేయించేది కాదు. ఏ భాగం ఎంత వంగిందో, ఎంత లాగితే ఎక్కడికి వస్తుందో తెలియాలంటే ఆ యంత్రంతో ముందే ఏళ్ళ సహవాసం ఉండాలి.

తెలుగు నేలలో అసలు ఔత్సాహికుల కథ విశాఖపట్నంలో మొదలైంది. జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాల అధిపతి టి.జి.టేలర్ దగ్గర ఈ విద్య నేర్చుకుని, 1840 ప్రాంతంలో ఇప్పటి డాబాగార్డెన్స్ చోట సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874లో ఆరు అంగుళాల కుక్ టెలిస్కోపు తెప్పించి, ఆ ఏడాది డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని చూసి ఫలితాలు లండన్‌కు పంపాడు. ఆయన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో కూడా. 1892లో ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మ ఆ నక్షత్రశాల భారం మోసింది. ఒకే ఇంట్లో మామ, అల్లుడు, కూతురు ఒక నక్షత్రశాలను పట్టుకుని అర్ధ శతాబ్దం నిలిచారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని ఫిసల్‌బండలో పెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయాక ఆ పరికరాలు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, నిజామియా నక్షత్రశాల పెరిగింది. అక్కడి ఉద్యోగి కొడుకు ఆ గుమ్మటాల నీడలో ఆకాశం చూడటం నేర్చుకుని మన దేశపు గొప్ప ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు అయ్యాడు.

వీళ్ళంతా డబ్బున్నవాళ్ళు, టెలిస్కోపు మీద ప్రేమ జమీందారీ వినోదం అనే మాట ఇక్కడే వస్తుంది. అది సగమే నిజం. అమెరికాలోని ఒహాయోలో లెస్లీ పెల్టియర్ అనే రైతు బిడ్డ స్ట్రాబెర్రీ పండ్లు కోసిన కూలితో పద్దెనిమిది డాలర్లు పోగేసి రెండంగుళాల టెలిస్కోపు కొన్నాడు. 1918 నుంచి 1980లో చనిపోయేదాకా వెలుగు మారే నక్షత్రాలను లెక్కగట్టాడు. లక్షా ముప్పై వేలకు పైగా పరిశీలనలు, పన్నెండు తోకచుక్కలు. తర్వాత అరువుగా వచ్చిన ఆరంగుళాల గొట్టంతోనే ఎక్కువ తోకచుక్కలు పట్టాడు. అంతకంటే పెద్దవి చేతికొచ్చినా దాన్ని వదల్లేదు. ప్లూటోను కనిపెట్టిన క్లైడ్ టాంబా పొలంలో పాత కారు భాగాలు, పశువుల కొట్టం సామాను కలిపి తొమ్మిదంగుళాల టెలిస్కోపు చేసుకున్నాడు; ముసలితనంలో స్మిత్సోనియన్ మ్యూజియం దాన్ని అడిగితే ఇంకా వాడుతున్నానని చెప్పి ఇవ్వలేదు.

కూలి డబ్బు కూడా లేకుంటే చేతులున్నాయి. తాడిపత్రి చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీల్లో నాపరాయిని ముతక ఇసుక నుంచి మెత్తని పొడి దాకా అంచెలంచెలుగా అరగదీసి మెరిపిస్తారు. టెలిస్కోపు అద్దం పుట్టేదీ ఇదే వరసలో. రెండు గుండ్రని గాజు బిళ్ళల మధ్య కార్బొరండం పొడి, నీళ్ళు వేసి పై బిళ్ళను ముందుకూ వెనక్కూ తోస్తూ, కొద్దికొద్దిగా తిప్పుతూ, తోసే మనిషి బల్ల చుట్టూ తిరుగుతూ ఉంటే పైది లోపలికి గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఎనిమిదంగుళాల అద్దానికి నడిమి లోతు రెండు మిల్లీమీటర్లే. ఆ తర్వాతే అసలు శ్రమ. తారులాంటి కీలు పొర మీద సీరియం ఆక్సైడ్ పూసి రుద్దుతూ, గోళపు గుంటను పారబోలాగా మార్చాలి. ఆ తేడా ఒక మైక్రాను కంటే తక్కువ, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా కాదు. ఎక్కడ ఎక్కువ అరిగిందో 1858లో ఫూకో చెప్పిన పద్ధతిలో బ్లేడు అంచుతో వెలుగును కోసి చూసుకోవచ్చు. వేలిముద్ర వెచ్చదనానికి గాజు ఉబ్బడం కూడా ఆ నీడలో కనిపిస్తుంది. ఇన్ని వారాలు అద్దం మీద చేతులు పెట్టిన మనిషికి దాని అంచు కొంచెం వాలిందనో, నడుమ ఒక మచ్చ ఉందనో పుస్తకం చెప్పనక్కరలేదు. కాడెద్దుల్లో ఏది ఎటు లాగుతుందో రైతుకు తెలిసినట్టు అతనికి అది తెలుసు.

ఈ తెలివి యాడికి రాత్రిలో ఎంత అవసరమో నేల మీద నిలబడితే బోధపడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. రైతుకు శాపమైన ఆ లోటే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆకాశాన్ని మబ్బు లేకుండా ఉంచుతుంది. కానీ పగలంతా ఎండ తాగిన నాపరాయి రాత్రి ఆ వేడిని వదులుతుంది. బండలు పరిచిన మిద్దె మీద టెలిస్కోపు పెడితే గురుగ్రహం నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతుంది. దున్నిన చేనిలో పెడితే ఆ వణుకు తగ్గుతుంది, నడిరేయి దాటితే ఇంకా తగ్గుతుంది. గొట్టంలోని మందపాటి అద్దం కూడా చల్లబడాలి, దానికి గంటో గంటన్నరో పడుతుంది. చిత్రం చెదిరితే తప్పు గాలిదా, అద్దానిదా, దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముదా? కొత్తగా కొన్నవాడు చెప్పలేడు. పదేళ్ళు వాడినవాడు చెబుతాడు.

అయితే బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. ప్రేమ కళ్ళు కప్పుతుంది కదా. పెర్సివల్ లోవెల్ తన 24 అంగుళాల క్లార్క్ టెలిస్కోపును ప్రాణంగా చూసుకున్నాడు, అంగారకుడి మీద కాలువల జాలం చూశాడు, వాటి వెనక నాగరికతనే ఊహించాడు. శుక్రుడి మీదా చక్రపు ఆకుల్లాంటి గీతలు చూశాడు. టెలిస్కోపు ముందువైపు తెరుపును బాగా కుదించి చూడటంతో తన కంటి రక్తనాళాల నీడే అతనికి అలా కనిపించి ఉంటుందని తర్వాతివారు తేల్చారు. 1909లో ఆంటొనియాది పారిస్ దగ్గర మ్యూడాన్‌లో 33 అంగుళాల టెలిస్కోపుతో చూస్తే ఆ కాలువలు విడివిడి మచ్చలుగా విడిపోయాయి. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసేయలేను. కానీ లోవెల్ ప్రేమించింది తన సిద్ధాంతాన్ని. పరికరాన్ని నిజంగా ఎరిగినవాడు దాని అబద్ధాలను కూడా లెక్కలో వేసుకుంటాడు. ఆస్ట్రేలియాలో రాబర్ట్ ఎవాన్స్ అనే పాస్టరు తన గొట్టంలో వందల గెలాక్సీలు ఎలా కనిపిస్తాయో కంఠస్థం చేసి, అందులో కొత్త చుక్క వస్తే పట్టేవాడు. అలా కంటితోనే నలభైకి పైగా సూపర్‌నోవాలు కనిపెట్టాడు. ప్రతిసారీ ప్రకటించే ముందు మరొకరి చేత సరిచూపించుకునేవాడు. మమకారమూ అనుమానమూ ఒకే మనిషిలో ఇమిడాయి.

ఇక చిలీలో 8.4 మీటర్ల రూబిన్ టెలిస్కోపు దక్షిణాకాశమంతా జల్లెడ పడుతుంటే చేనిలోని ఈ గొట్టం ఎందుకన్నది ఒక ప్రశ్న, తాగునీటికి కటకటపడే సీమలో నక్షత్రాల గోలేమిటన్నది ఇంకొకటి. రెండింటికీ ఆర్ద్ర నక్షత్రమే జవాబు. రూబిన్ కెమెరాకు అది మరీ ఎక్కువ వెలుగు. 2019 చివర, 2020 మొదట్లో ఆర్ద్ర అంతకుముందు నమోదైన లెక్కల్లో ఎన్నడూ లేనంత మసకబారినప్పుడు ప్రపంచమంతటా ఔత్సాహికులు రాత్రి రాత్రికీ దాని వెలుగు అంచనా కట్టి ఆ పతనాన్ని నమోదు చేశారు. ఇక్కడి రైతుకు ఆర్ద్ర కొత్త కాదు. కార్తెలు చూసే విత్తనం వేస్తాడు. అతని లెక్కలో ఎప్పటినుంచో ఉన్న నక్షత్రాన్ని ఎనిమిదంగుళాల అద్దం పట్టే ఎనిమిది వందల రెట్ల వెలుగుతో అతని పిల్లలకు చూపించడం కరువును వెక్కిరించినట్టు కాదు. కరువు ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తిని వాడుకోవడం. లండన్‌లో ఎన్నటికీ ఉదయించని ఒమేగా సెంటారి తారాగుచ్ఛం ఏప్రిల్ నడిమి అర్ధరాత్రి యాడికి దక్షిణాన 27 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది.

కాబట్టి మీ ఇంట్లో అటక మీద టెలిస్కోపు ఉంటే దించండి. మబ్బులేని నెలల్లో రాయలసీమ చేనికి, ఫ్యాక్టరీ దీపాలకు దూరంగా తీసుకురండి, చూడబోయే గంట ముందే బయట పెట్టండి, దగ్గర్లోని బడి పిల్లలను పిలవండి. చిన్నదని అమ్మేసి పెద్దది కొనే ముందు ఒక ఏడాదంతా దానితోనే గడపండి.