అమ్మ ఓడ ఎక్కుతుందా?

మా ఇంట్లో ఇప్పుడు హాలు నిండా సూట్‌కేసులే. సోఫా మీద స్వెట్టర్లు, డైనింగ్ టేబుల్ మీద పొడుల డబ్బాలు, బీరువా ముందు చీరల గుట్ట. పనమ్మాయి అయితే "ఇల్లు మారుతున్నారా అమ్మా?" అని అడిగేసింది. ఇల్లు మారడం కాదండీ, ఓడ ఎక్కబోతున్నాం! భవానీ ద్వీపానికి వెళ్ళే లాంచీ కాదు, మధ్యధరా సముద్రంలో వారం రోజులు తిరిగే పెద్ద ఓడ.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు వేసవిలో ఫోన్ చేసి, "అక్కా, టిక్కెట్లు కొనేశాను. నువ్వూ, బావా, అమ్మా రావాలి. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ చూసుకుని మళ్ళీ అక్కడే దిగుతాం" అన్నాడు. సెప్టెంబరే ఎందుకురా అంటే, అప్పటికి అక్కడ ఎండలు తగ్గుతాయట. బళ్ళు తెరుస్తారు కాబట్టి జనమూ తగ్గుతారట. వేసవంతా కాగిన సముద్రం మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుందట. నాకూ బాగానే కుదిరింది. చవితి నిమజ్జనం అయ్యాక బయల్దేరి, అమ్మవారి నవరాత్రులు మొదలయ్యే లోపు బెజవాడ వచ్చి పడొచ్చు.

మా వారు ఆ రాత్రే ఎగిరి గంతేశారు. నేనూ లోలోపల గంతేశాను. అమ్మ మాత్రం, "మీరు వెళ్ళి రండమ్మా. నేను ఇల్లు చూసుకుంటాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎందుకో నాకు తెలుసు. మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. నాగాయలంక దగ్గర చిన్న ఊరు. 1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెనలో అమ్మమ్మా, చిన్న పిన్నీ పోయారు. అమ్మకప్పుడు పదిహేడేళ్ళు. తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆ ఒక్క రాత్రి వేల మంది పోయారని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. అమ్మ మాత్రం ఇద్దరి లెక్కే చెబుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి. పెళ్ళయి విజయవాడ వచ్చాక మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. మా చిన్నప్పుడు మంగినపూడి వెళ్దామని ఎంత ఏడ్చినా తీసుకెళ్ళలేదు. ఆవిడని ఏడు రాత్రులు సముద్రం మీద పడుకోమంటే ఎలా?

అయినా "కాగితాలు పెట్టి ఉంచుదాం, తర్వాత నీ ఇష్టం" అని మెల్లగా పని మొదలుపెట్టాను. మీలో ఎవరికైనా ఇలాంటి ప్రయాణం తగలొచ్చు కదా, అందుకే రాస్తున్నాను.

మొదట పాస్‌పోర్టు. అందులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. అమ్మ బడి కాగితాలు ఉప్పెనలోనే పోయాయి. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉండేది. ముందు అది సరిచేయించి, ఆ తర్వాత పాస్‌పోర్టు తీసుకున్నాం. రెండోది షెన్‌గెన్ వీసా. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడింటికీ ఒకటే వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి పెట్టుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలంటారు గానీ, అంతదాకా ఆగకండి. కనీసం 30 వేల యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రల కోసం మేం హైదరాబాదు వెళ్ళాం. గిన్నెలు తోమీ తోమీ నా బొటనవేలు అరిగిపోయింది కాబోలు, మూడుసార్లు నొక్కితే గానీ పడలేదు!

ఇక తిండి సంగతి. నేను మామూలుగా ఆవకాయ, గోంగూర, సున్నుండలు, పాలకోవా అని పెద్ద జాబితా రాసుకున్నాను. తమ్ముడు సగం కొట్టేశాడు. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదట. అంటే కోవా పోయింది, నెయ్యి సీసా పోయింది. దుబాయి మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాల జోలికి అసలు పోవద్దు, అక్కడ అవి నిషేధం. నేను మసాలా పొడిలో గసగసాలు వేస్తాను కదా, ఆ డబ్బా కూడా తీసేశాను. ఓడల్లో చాలావరకు ఇంటి వంట రానివ్వరు, సీలు వేసిన పొట్లాలైతే ఒప్పుకుంటారు. అందుకని కొట్లో దొరికే కారప్పొడి, కందిపొడి చిన్న ప్యాకెట్లు సర్దాను. శాకాహారం కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పి ఉంచాలి.

బట్టల విషయంలో మన చీరకు తిరుగులేదండీ. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్ళు కనబడే బట్టలతో రానివ్వరు. మనకా బాధే లేదు, చేతుల్లేని జాకెట్టు మాత్రం వద్దు. ఓడ పైఅంతస్తులో గాలి ఎక్కువ, కుచ్చిళ్ళకు పిన్నీసులు మరిచిపోవద్దు. నేను పగటికి మంగళగిరి నూలు చీరలు, ఓడలో పెద్ద విందు రోజుకి ఒక్క పట్టుచీర పెట్టుకున్నాను. రాళ్ళు పరిచిన వీధుల్లో నడవాలి కాబట్టి మెత్తటి బూట్లు. నగలు ఇంట్లోనే. ఇస్త్రీపెట్టె ఓడ గదిలోకి రానివ్వరు, అగ్నిప్రమాదం భయం. ఓడ ఎక్కిన రోజు పెద్ద పెట్టెలు గదికి చేరడానికి సాయంత్రం దాకా పట్టవచ్చు. అందుకని బీపీ మాత్రలు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. కడుపులో తిప్పకుండా ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకున్నాడు తమ్ముడు. నేను శొంఠి కూడా పెట్టాను.

ఇంటికీ ఒక చీటీ రాసుకున్నాను: గ్యాసు కట్టేయడం, పాలు, పేపరు ఆపించడం, తులసికోటకు పక్కింటి పిన్నిగారు నీళ్ళు పోయడం. దస్తావేజులు మాత్రం అటక మీద. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పటి నుంచి మా ఇంట్లో కాగితాలన్నీ అటకెక్కాయి.

అన్నీ సర్దాను గానీ అమ్మ సూట్‌కేసు ఖాళీగానే ఉంది. ఒక రాత్రి తమ్ముడు ఫోన్‌లో ఆవిడకి ఓపిగ్గా చెప్పాడు. 2012లో ఇటలీ ఒడ్డున కోస్తా కంకార్డియా అనే ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. అప్పుడే ఎక్కిన వందల మందికి ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఇంకా నేర్పనేలేదు. ఆ తర్వాత రూలు మార్చారు. ఓడ కదిలే ముందే, లేదా కదిలిన వెంటనే, కొత్తగా ఎక్కిన ప్రతివాళ్ళకీ అది నేర్పాలి. అంతా విని అమ్మ ఒక్క మాటంది: "మాకు రేడియోలో తుఫాను అన్నారు గానీ, సముద్రం ఊళ్ళోకి వస్తుందని ఎవరూ చెప్పలేదురా."

ఆ మాటతో నాకు ఒకటి తట్టింది. ఆవిడకు కావాల్సింది ఓడ గురించిన ధైర్యం కాదు. మర్నాడు ఆదివారం కారు తీసుకుని కరకట్ట మీదుగా బయల్దేరాం. మోపిదేవిలో స్వామి దర్శనం చేసుకుని, అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి వెళ్ళాం. వేణుగోపాలస్వామికి దండం పెట్టుకుని, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళాను. "వద్దంటే ఇక్కడ్నుంచే వెనక్కి పోదాం" అన్నాను.

అమ్మ చాలాసేపు కారులోనే కూర్చుంది. తర్వాత చెప్పులు అక్కడే విడిచి ఒక్కతే నడిచి వెళ్ళింది. నేను పది అడుగులు వెనక నిలబడ్డాను. నీళ్ళు పాదాల దాకా వచ్చాయి. వెనక్కి జరగలేదు. కొంగులో కట్టుకొచ్చిన పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు నీళ్ళలో వదిలింది. ఎవరెవరికోసమో నేను అడగలేదు. నలభై ఏడేళ్ళు దాటాక, మొదటిసారి వాళ్ళకి చెప్పుకోవాల్సింది చెప్పుకున్నట్టుంది.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాకా మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ, "ఆ ఓడలో చలేస్తుందా?" అంది. నేను గ్లాసు పక్కన పెట్టి మొహం తిప్పుకున్నాను, కళ్ళు తుడుచుకోవాలి కదా!

ఇప్పుడు అమ్మ సూట్‌కేసు కూడా నిండింది. అన్నింటికన్నా పైన అమ్మమ్మ ఫోటో ఉంది, బంధువుల ఇంట్లో మిగిలిన ఒకే ఒక్కటి. "అమ్మ ఎప్పుడూ ఓడ ఎక్కలేదు కదా" అంది.

ప్రయాణానికి ఏం ఏం సర్దుకోవాలో పైన అంతా రాశాను. ఒక్కటి మరిచాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా "నేను రానులే, మీరు వెళ్ళండి" అంటే, ఎందుకో అడగండి. అడిగాక కాసేపు పక్కన కూర్చోండి. అది ఏ సూట్‌కేసులోనూ పట్టదు గానీ, ముందు సర్దాల్సింది అదే.