మళ్లీ అలిపిరి మెట్లమీద...

కాలేజీ రోజుల్లో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేసిన కొండని పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కితే, తేడా మొదట తెలిసేది మోకాళ్లకే! అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దూరం. 1944లో మొదటి ఘాట్‌రోడ్డు వచ్చేదాకా సామాన్యులకు నడకే గతి. ఇప్పుడు బస్సెక్కితే గంటలోపే కొండమీద ఉంటారు. అయినా నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు. ఒకసారి నడిచినవాళ్లయితే మరీనూ.

పాదాల మండపం దాటి కాస్త పైకెళ్తే తలయేరుగుండు. దానికి తలనీ మోకాళ్లనీ ఆనిస్తే నొప్పులు రావని నమ్మకం. ఇరవయ్యేళ్ల వయసులో సరదాగా తాకి వెళ్లినవాళ్లు నలభై దాటాక అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడతారు. ఆ తర్వాత గాలిగోపురం దాకా రెండువేల పైచిలుకు మెట్లు. అసలు పరీక్ష ఇక్కడే. 'నాన్నా, ఇంకా ఎన్ని?' అని పిల్లలు అడుగుతుంటారు, నాన్నకి జవాబు చెప్పే ఊపిరుండదు. పక్కనే ఓ పెద్దావిడ ప్రతి మెట్టుకీ వంగి పసుపూ కుంకుమా పెట్టి కర్పూరం వెలిగిస్తూ వెళ్తుంటుంది. ఆమెని చూశాక ఆయాసపడటానికి కూడా మొహమాటమే!

గాలిగోపురం చేరాక దారి చాలావరకు చదును. చుట్టూ శేషాచలం అడవి, ఎర్రచందనం పెరిగే నేల. మెట్లమీది పైకప్పుని 2021లో కొత్తగా కట్టారు కాబట్టి పాత రోజుల్లోకన్నా ఎండావానల బాధ తక్కువే.

మారిపోయింది మాత్రం రాత్రి నడక. ఎండ తప్పించుకోవడానికి చీకటిపడ్డాక బయల్దేరి, నిద్రపోయే పిల్లల్ని భుజాన వేసుకుని ఎక్కడం ఎన్నో కుటుంబాలకు తీపి జ్ఞాపకం. 2023 ఆగస్టులో ఈ దారిలోనే, అమ్మానాన్నలతో వచ్చిన ఆరేళ్ల పాపని చిరుత పొట్టనపెట్టుకుంది. ఆ ఘోరం తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల్ని నడకదారిలోకి పంపకుండా ఆంక్షలు పెట్టారు. నడిచేవాళ్లకి చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా వెళ్లమన్నారు. బోనులు పెట్టి చిరుతల్ని పట్టారు కూడా. అడవి వాటిది కదా అనే మాటా నిజమే, కానీ పిల్లలున్న తల్లికి ఆ మాట ఊరటనివ్వదు. అందుకే వేళలు ముందే కనుక్కుని, తెల్లవారుజామునే మొదలుపెట్టడం మేలు. ఏడో మైలు దగ్గర పిల్లలు ఎంత మారాం చేసినా చెయ్యి వదలకూడదు.

చివరగా మోకాళ్లమిట్ట. రామానుజులు ఈ కొండని పవిత్రంగా భావించి మోకాళ్లమీద ఎక్కారని చెబుతారు. చిన్నప్పుడు చెప్పులతో ఎక్కుతూ అలసి సొమ్మసిల్లిన అన్నమయ్యకు అలమేలుమంగ ప్రసాదం పెట్టిందనే కథా ఇక్కడిదే. నిటారు మెట్లు చూడగానే ఆ కథని పిల్లలకు చెప్పే పెద్దలు కూడా కాస్త కూర్చుంటారు. మజ్జిగో నిమ్మసోడానో తాగి లేస్తారు.

మామూలుగా నడిస్తే మొత్తం మూడు నాలుగు గంటలు పడుతుంది. సామాను మోసుకెళ్లే పనిలేదు. కింద అప్పగిస్తే దేవస్థానంవాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు మాత్రం భద్రం! పైకి చేరాక పిల్లలు పరుగెత్తుకెళ్తుంటే, పెద్దలు పిక్కలు నొక్కుకుంటూ సామాన్ల కౌంటర్ ఎటో వెతుక్కుంటారు.