పదిమంది చెప్పిన యుద్ధం

ఈ కథ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. 1971 ఏప్రిల్. ఢిల్లీలో మంత్రివర్గ సమావేశం. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు తండోపతండాలుగా వచ్చిపడుతున్నారు, సైన్యాన్ని వెంటనే పంపండని ఇందిరాగాంధీ మండిపడుతున్నారు. జనరల్ మానెక్‌షా ససేమిరా అన్నారు. వానలు ముంచుకొస్తున్నాయి, టాంకులు సిద్ధంగా లేవు, ఇప్పుడు దిగితే ఓటమి ఖాయం, కావాలంటే రాజీనామా చేస్తానన్నారు. ఆవిడ మెత్తబడ్డారు. ఎనిమిది నెలల తర్వాత ఢాకా మన చేతికొచ్చింది. 2023లో 'సామ్ బహదూర్' సినిమా వచ్చాక ఈ కథకి రంగులు కూడా అద్దారు.

బ్రహ్మాండమైన కథ. చెప్పింది ఎవరో కాదు, మానెక్‌షానే. రిటైరయ్యాక ఎన్నో సభల్లో చెప్పారు, చెప్పిన ప్రతిసారీ చప్పట్లు. కానీ శ్రీనాథ్ రాఘవన్ అనే చరిత్రకారుడు ఆనాటి ప్రభుత్వ కాగితాలన్నీ తిరగేసి, 2013లో 1971 మీద పుస్తకం రాశారు. ఆ ఏప్రిల్‌లో ఇందిరకీ ఆవిడ సలహాదారులకీ వెంటనే యుద్ధానికి దిగాలన్న ఆలోచనే లేదంటారాయన. దౌత్యవేత్తగా పనిచేసిన చంద్రశేఖర్ దాస్‌గుప్తా 2021లో రాసిన పుస్తకంలో కూడా ఈ కథని కట్టుకథల ఖాతాలోనే వేశారు. తమాషా ఏమిటంటే ఈ ఇద్దరికీ మిగతా విషయాల్లో పడదు. బంగ్లాదేశ్ పుట్టుక ముందే రాసిపెట్టింది కాదు, ఎన్నో సంగతులు ఒక్కసారి కలిసొచ్చి అలా జరిగిందంటారు రాఘవన్. కాదు, ఢిల్లీ మొదట్నుంచీ ఒక పథకం ప్రకారమే నడిచిందంటారు దాస్‌గుప్తా. నాకు మాత్రం మానెక్‌షా సలహా నిజమే అనిపిస్తుంది, ఇందిర కోపం తర్వాత్తర్వాత చేరిన మసాలా అనిపిస్తుంది. సభల్లో కథలు చెప్పేవాళ్లకి ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వొచ్చు లెండి. దాన్ని చరిత్రని చేసి పంచుకుంటున్న మనదే తొందర.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, యుద్ధం మీద ఏదైనా మంచి పుస్తకం చెప్పండని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఒక్కటంటే చెప్పలేనండీ. ఒకే యుద్ధం మీద ఒకదానితో ఒకటి పొసగని నాలుగు పుస్తకాలు చదవమంటాను. ప్రపంచ యుద్ధాలు, వియత్నాం, అఫ్గానిస్తాన్ అంటూ చుట్టిరావడం కంటే అదే లాభం. అందుకు మనకి దగ్గర్లో ఉన్న యుద్ధం, గుమ్మం ముందు జరిగిన యుద్ధం, 1971దే.

ముందు సిద్దీఖ్ సాలిక్ దగ్గరికి వెళ్దాం. పాకిస్తాన్ సైన్యంలో మేజరు. 1970 మొదట్లోనే ఢాకా చేరాడు. ఉద్యోగం ప్రజా సంబంధాల అధికారి. అంటే సైన్యం చేసినదాన్ని పత్రికలకి అందంగా చెప్పడం. అలాంటివాడు యుద్ధఖైదీగా ఇండియాలో గడిపి ఇంటికి తిరిగొచ్చాక, 1977లో 'విట్‌నెస్ టు సరెండర్' రాశాడు. 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీద సైన్యం విరుచుకుపడింది కదా, ఆ ఆపరేషన్ సర్చ్‌లైట్ పథకం ఎలా తయారైందో ఇందులో ఉంది. మేజర్ జనరల్ రావ్ ఫర్మాన్ అలీ లేతనీలం ఆఫీసు ప్యాడ్ మీద, బడిపిల్లలు వాడే మామూలు పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాడట. వేలమంది ప్రాణాలు తీసిన పథకం పెన్సిల్ రాత! తర్వాత యూనివర్సిటీ ప్రాంతానికి వెళ్లి చూస్తే మూడు పెద్ద గోతులు, వాటినిండా కొత్తగా పోసిన మట్టి. లోపల ఎంతమంది ఉన్నారో ఏ అధికారీ నోరు విప్పలేదంటాడు. తమ సైన్యాన్ని సమర్థించుకునే మాటలు ఈ పుస్తకంలో లేకపోలేదు. అయినా అబద్ధాలు అల్లడమే ఉద్యోగమైన మనిషి కళ్లకి కనిపించింది రాయకుండా ఉండలేకపోయాడు చూడండి, అందుకే నాకీ పుస్తకం ఇష్టం. సాలిక్ తర్వాత బ్రిగేడియర్ అయ్యాడు, 1988లో పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్‌తో పాటు అదే విమాన ప్రమాదంలో పోయాడు.

తర్వాత వరసలో లొంగిపోయిన సేనాని నియాజీ. ఈయన పుస్తకం పేరు 'ద బిట్రేయల్ ఆఫ్ ఈస్ట్ పాకిస్తాన్', 1998లో వచ్చింది. పేరులోనే సారాంశమంతా ఉంది. తను ఓడిపోలేదు, పైవాళ్లు ఓడించారు, పశ్చిమ పాకిస్తాన్‌ని కాపాడుకోవడానికి తనని బలిచ్చారు. ఇంచుమించు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇదే పాట. పాకిస్తాన్ వేసిన హమూదుర్ రహమాన్ కమిషన్ మాత్రం ఈయన్ని కోర్టు మార్షల్ చేయాలని సిఫార్సు చేసింది. ఆ నివేదికను దాదాపు మూడు దశాబ్దాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. 2000లో మన దేశపు పత్రికలో బయటపడ్డాక గానీ అక్కడ విడుదల కాలేదు.

నియాజీ ఎదుట కూర్చుని సంతకం పెట్టించే ఏర్పాట్లు చూసిన మేజర్ జనరల్ జాకబ్ కూడా రాశారు. ఆయన కలకత్తా యూదుడు, ఈస్టర్న్ కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్. 'సరెండర్ ఎట్ ఢాకా' 1997లో వచ్చింది. డిసెంబరు 16న ఢాకా వెళ్లి, ఒప్పుకోవడానికి నియాజీకి అరగంట గడువిచ్చానంటారు. ఆ వేళకి నగరంలో నియాజీకి ఇరవయ్యారు వేలకు పైగా సైనికులున్నారు, బయట మనవాళ్లు మూడువేలేనని ఆయన లెక్క. ఇక రమ్నా రేస్‌కోర్సులో నియాజీ అప్పగించిన రివాల్వరు సంగతి చదివి తీరాలి. దాన్ని తర్వాత పరీక్షిస్తే గొట్టం నిండా మురికి, ఎన్నాళ్లుగానో శుభ్రం చేసిన జాడలేదు. అది సేనాని ఆయుధం కాదు, ఏ మిలటరీ పోలీసుదో తెచ్చి ఇచ్చి ఉంటాడని జాకబ్ అనుమానం. ఓడిపోయే క్షణంలో కూడా నియాజీ చిన్న మోసం చేశాడన్నమాట.

అయితే జాకబ్‌కీ తన గోల తనకుంది. ఢాకా పట్టుకోవాలన్నది ఢిల్లీ నుంచి వచ్చిన ఆదేశాల్లో లేనేలేదట, ఖుల్నా, చిట్టగాంగ్‌ల మీదే మానెక్‌షా దృష్టి ఉందట, ఢాకా ఆలోచన తనదేనట. దీన్ని ఒప్పుకోని అధికారులు మన సైన్యంలోనే ఉన్నారు. గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులో ఏడ్చాడని మనకో సామెత ఉంది కదా. జనరళ్ల విషయంలో ఇద్దరూ పుస్తకాల్లోనే ఏడుస్తారు. పోనీ రికార్డులు చూసి తేల్చుకుందామా అంటే, ఈస్టర్న్ కమాండ్‌లో 1971 నాటి కాగితాలు ఎప్పుడో నాశనమైపోయాయని 2010లో పత్రికల్లో వచ్చింది. ఇప్పుడు జ్ఞాపకాల మీద జ్ఞాపకాలే మిగిలాయి.

విశాఖ వాళ్లు ఈపాటికి అడుగుతూ ఉంటారు, మా ఘాజీ మాటేమిటని. వస్తున్నా. విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట మునిగిపోయింది. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన జ్ఞాపకాల్లో ఇది డిటెక్టివ్ నవలలా సాగుతుంది. విక్రాంత్‌ని చల్లగా అండమాన్ వైపు దాచేసి, ఆ ఓడ విశాఖలోనే ఉందని శత్రువుని నమ్మించడానికి వేసిన ఎత్తులు ఒకటా రెండా! అక్కడి కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు ఓడ నిండేంత ఆర్డర్లు ఇచ్చారు. బజారంతా కబురు పాకాలి కదా మరి! విక్రాంత్ మీద పనిచేసే నావికుడు జబ్బుపడిన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు ఒక దొంగ టెలిగ్రామ్ కూడా పంపారు. ఆ రాత్రి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ రేవు దాటుతూ డెప్త్ చార్జీలు వేసింది. ఘాజీ పోయింది.

పాకిస్తాన్ పుస్తకాలు తెరవండి. ఘాజీని ఎవరూ ముంచలేదు, అది పరుస్తున్న మందుపాతరలే పేలి మునిగిందంటాయి. అంతేకాదు, అసలేం జరిగిందో కచ్చితంగా చెప్పలేమని మన నౌకాదళం నుంచి రిటైరైన పెద్దలే కొందరు రాశారు. బతికి బయటపడి చెప్పినవాడు ఒక్కడూ లేడు. 2017లో మన తెలుగువాళ్లు తీసిన 'ఘాజీ' సినిమా బావుంది, కానీ దాని నుంచి చరిత్ర నేర్చుకోకండి. కృష్ణన్ పుస్తకం అంతకంటే బావుంటుంది. ఆ కూరగాయల ఆర్డరు చదువుతూ నేను పగలబడి నవ్వాను.

ఇక పెద్దన్నల సంగతి. ఆ నెలల్లో అమెరికా ఢాకాని ఎందుకు పట్టించుకోలేదో తెలియాలంటే జూలైలో అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్‌కి వచ్చిన కడుపునొప్పి గురించి తెలియాలి. ఇస్లామాబాద్ వచ్చి, కడుపులో బాగాలేదని చెప్పి మాయమై, రహస్యంగా బీజింగ్ వెళ్లివచ్చాడు. ఆ రాయబారం నడిపింది అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్. అలాంటి ఉపకారిని నిక్సన్ మందలిస్తాడా? ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6నే తన ప్రభుత్వాన్ని దులిపేస్తూ టెలిగ్రామ్ పంపాడు, దాని కింద ఇరవై మంది అమెరికన్ ఉద్యోగుల సంతకాలు. ఫలితం, బ్లడ్ బదిలీ. గ్యారీ బాస్ 2013లో రాసిన 'ద బ్లడ్ టెలిగ్రామ్' ఇదంతా చెబుతుంది. నిక్సన్ తన ఆఫీసులో తానే పెట్టించుకున్న టేపురికార్డర్లు ఆయన మాటలన్నీ పట్టేశాయి. మన దేశాన్నీ, మన ప్రధానినీ ఎంత నోటికొచ్చినట్టు తిట్టాడో చదివితే ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండిందని కిసింజర్ 'వైట్ హౌస్ ఇయర్స్' చదవడం మానకండి. పశ్చిమ పాకిస్తాన్‌ని భారత్ మింగేయకుండా తానే ఆపానన్నది ఆయన వాదన. నమ్మనక్కర్లేదు. కానీ అంత తెలివిగా సమర్థించుకోవడం చూడటం కూడా ఒక చదువే.

చనిపోయినవాళ్ల లెక్క మరో చిక్కుముడి. బంగ్లాదేశ్ ప్రభుత్వం 30 లక్షలంటుంది. హమూదుర్ రహమాన్ కమిషన్ సైన్యమిచ్చిన 26 వేల అంకెనే పట్టుకుంది. శర్మిలా బోస్ 2011లో 'డెడ్ రెకనింగ్' రాసి, యాభై వేల నుంచి లక్ష దాకా అన్నారు. పాకిస్తానీ అధికారుల మాటల్ని ఆవిడ మరీ సులువుగా నమ్మేశారని పండితులు దుమ్మెత్తిపోశారు. ఆ విమర్శలో న్యాయం ఉందనే నాకూ అనిపించింది. 26 వేలంటే మాత్రం ఎవరు నమ్ముతారు? కోటి మంది ఇళ్లు వదిలి సరిహద్దు దాటి వచ్చారు కదా.

ఈ అంకెల్లో ఒక్కడి పేరు రూమీ. వాళ్లమ్మ జహనారా ఇమామ్ ఢాకాలో ఉంటూ ఆ ఏడాది మార్చి నుంచి డిసెంబరు దాకా డైరీ రాసుకున్నారు. 1986లో 'ఎకాత్తొరేర్ దిన్‌గులి' పేరుతో అచ్చయింది. రూమీకి అమెరికాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వెళ్లనన్నాడు, బంగ్లాదేశ్ కోసం పోరాడుతున్న ముక్తివాహినిలో చేరతానన్నాడు. రోజుల తరబడి తల్లితో వాదించాడు. చివరికి ఆవిడ సరేనన్నారు. ఆగస్టు చివర్లో ఒక రాత్రి సైన్యం ఇంటికొచ్చి రూమీనీ, తమ్ముణ్నీ, తండ్రినీ పట్టుకుపోయింది. తమ్ముడు, తండ్రి దెబ్బలు తిని తిరిగొచ్చారు. రూమీ రాలేదు. సెప్టెంబరులో యాహ్యా ఖాన్ క్షమాభిక్ష ప్రకటించాడు. అర్జీ పెట్టుకోండని చుట్టాలు చెప్పారు. తండ్రి ఒప్పుకోలేదు. ఏ ప్రభుత్వం మీద కొడుకు తిరగబడ్డాడో దానికే దణ్ణం పెడితే వాడు మమ్మల్ని క్షమించడన్నాడు. ఆ తండ్రి డిసెంబరులో, లొంగుబాటుకి రెండు మూడు రోజుల ముందు గుండెపోటుతో పోయాడు. జనరళ్లంతా ఎవరి ఘనత ఎంతో తేల్చుకుంటున్న ఆ వారంలోనే ఇదీ జరిగింది. జనరళ్ల పుస్తకాలు వాదిస్తాయి. ఈ పుస్తకంలో వాదనే లేదు, ఈరోజు బజారులో ఏం దొరికింది, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, అంతే. బెంగాలీ రచయిత శరత్‌ని మనవాడే అనుకుని చదువుకున్నవాళ్లం కదా మనం, ఈవిడని కూడా ఆ వరసలో కలుపుకోవాలి.

మరి దేంతో మొదలుపెట్టమంటారు అంటారా? సాలిక్‌తో. పుస్తకం చిన్నది, చకచకా సాగుతుంది. దాని వెంటనే జహనారా. ఈ రెండూ ఒకే ఊరు, ఒకే నెలలు, ఒకడు కంటోన్మెంట్ లోపల, ఒకామె బయట. ఆ తర్వాత జాకబ్‌నీ నియాజీనీ పక్కపక్కన పెట్టుకుని, లొంగుబాటు రోజు వరకే రెండింట్లోనూ చదవండి, సరదాగా ఉంటుంది. రాఘవన్‌ని తీరిగ్గా చదవాలి, ఫుట్‌నోట్లు కూడా వదలకుండా. కిసింజర్‌ది పదిహేను వందల పేజీల దుంగ. ఇండియా, పాకిస్తాన్ అధ్యాయం ఒక్కటి చదివి పక్కన పెట్టేయండి, నేనూ అంతే చేశాను.