పుల్లలూరులో ఇద్దరి పేర్లు

మా ఆవడికి చుట్టాలెవరొచ్చినా మొదట అడిగేది ట్యాంకుల గురించే. 1965లో విజయంత ట్యాంకు బయటికొచ్చింది ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే కదా, ఆ పేరు అలా ఉండిపోయింది. లోపలికి మనల్ని ఎవరు రానిస్తారు చెప్పండి? పరుత్తిపట్టు చెరువు గట్టు మీద తిప్పి, నాలుగు కొంగల్ని చూపించి, కాఫీ పోసి పంపించేస్తుంటాను. మొన్న తిరుత్తణి నుంచి మా బావ వస్తే మాత్రం అలా కుదర్లేదు. "మీ ఊరి కొంగలు మా ఊళ్ళోనూ ఉన్నాయిలే, యుద్ధం జరిగిన చోటేదైనా ఉంటే చూపించు" అన్నాడు. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ రోజు నుంచీ మద్రాసు రాష్ట్రానిదైన ఊరు వాళ్ళది. హద్దులంటే ఆయనకు చిన్నప్పటి నుంచే మోజు.

సరే పద అన్నాను. మా ఆవిడ పులిహోర కట్టింది. యుద్ధభూమికి పులిహోరేమిటని బావ వెక్కిరించాడు గానీ, సగం డబ్బా ఖాళీ చేసింది ఆయనే.

లోకల్ రైల్లో తిరువళ్ళూరు, అక్కణ్ణుంచి పేరంబాక్కం మీదుగా బస్సు. దారి పొడుగునా కథ చెప్పుకుంటూ వెళ్ళాను. మీకూ చెప్తాను, ఎందుకంటే ఈ కథ మొదలైంది మన గుంటూరులో.

గుంటూరు సర్కారు అప్పట్లో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌ది. 1779లో కంపెనీ వాళ్ళు దాన్ని ఆయన దగ్గర గుత్తకు తీసుకుని ఆర్కాటు నవాబుకు అప్పజెప్పారు. ఇటు నిజాముకూ మండింది, అటు హైదరాలీకీ మండింది. హైదర్ 1780 జూలైలో కర్ణాటక మైదానం మీదికి దిగాడు, దాదాపు ఎనభై వేల సైన్యంతో అంటారు. గుంటూరులో ఉన్న కర్నల్ విలియం బెయిలీకి కబురెళ్ళింది: వెంటనే దక్షిణానికి వచ్చి మన్రో దొర దండుతో కలువు అని. ఈ మన్రో మన తెలుగువాళ్ళు బొమ్మలు పెట్టుకునే థామస్ మన్రో కాదండోయ్. హెక్టర్ మన్రో, 1764లో బక్సార్‌లో గెలిచిన మనిషి.

బెయిలీ ఆగస్టు 25న కుశస్థలి ఉత్తరపు గట్టుకు చేరాడు. తమిళులు కొసస్తలై అంటారు, నగరి కొండల నీళ్ళు కూడా వచ్చి చేరే ఏరే. ఆ సాయంత్రం నీళ్ళు పెద్దగా లేవు. పొద్దున్నే దాటొచ్చులే అని ఇవతలే గుడారాలు వేయించాడు. రాత్రికి రాత్రి ఏరు పొంగింది. సెప్టెంబరు తొలి రోజుల దాకా అవతలి గట్టుకు చేరలేకపోయాడు.

"ఒక్క రాత్రి!" అన్నాడు బావ. ఒక్కటి కాదు బావా, ఇంకో రాత్రి కూడా ఉంది, ఆగు అన్నాను.

సెప్టెంబరు 6న పేరంబాక్కం దగ్గర టిప్పు అడ్డుపడ్డాడు. బెయిలీ ఎలాగో తట్టుకుని నిలబడ్డాడు. కంచిలో ఉన్న మన్రో తాను కదలకుండా, ఫ్లెచర్ అనే అధికారితో వెయ్యి మందిని పంపాడు. వాళ్ళొచ్చి కలిశాక అందరూ 9వ తేదీ రాత్రి చీకట్లో కంచివైపు బయల్దేరారు. నడుస్తూనే ఉంటే చేరేవాళ్ళేమో. బెయిలీ మళ్ళీ ఆగాడు. తెల్లారనీ అన్నాడు. తెల్లారేసరికి పుల్లలూరు దగ్గర నాలుగు వైపులా మైసూరు గుర్రాలు, ఫిరంగులు, ఇనప గొట్టాల్లో మందు కూరిన తారాజువ్వలు. మందుగుండు బళ్ళు పేలిపోయాక ఇక చేసేదేముంది? గాయపడ్డ బెయిలీతో పాటు దాదాపు రెండు వందల మంది తెల్లవాళ్ళు బందీలయ్యారు. ఆయన 1782లో శ్రీరంగపట్నం ఖైదులోనే పోయాడు. మన్రో ఈ వార్త వినగానే పెద్ద ఫిరంగుల్ని కంచి గుడి కోనేట్లో పడేసి వెనక్కి మళ్ళాడు. మా ఊళ్ళో ట్యాంకులకు ఫిరంగులు బిగిస్తారు, ఆయన ఫిరంగుల్ని ట్యాంకులోనే వేశాడు. (ఈ జోకు బావకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి నవ్వాడు.)

పుల్లలూరులో దిగాక మ్యూజియం ఉంటుందనీ, టికెట్టిస్తారనీ అనుకోకండి. వరి మళ్ళు, తాటిచెట్లు. బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట. విజయదశమికి దీన్ని చూస్తే గెలుపని మనవాళ్ళు ఊరి బయటికెళ్ళి మరీ వెతుకుతారు. ఇక్కడ ఎవరూ వెతక్కుండానే కూర్చుంది. కొత్తగా దున్నిన మడిలో నాగలి వెనక నల్ల కంకణాలు పురుగులేరుకుంటున్నాయి. ఆ మట్టిలో ఏమేం కలిసుంటుందో అనిపించి కాసేపు పులిహోర మింగుడుపడలేదు.

ఈ ఊరికి యుద్ధం కొత్త కాదు. ఏడో శతాబ్దంలో పల్లవ మహేంద్రవర్మ పుల్లలూరులో శత్రువుల్ని చిత్తు చేశాడని కాశాకుడి శాసనం చెబుతుంది. చాళుక్య పులకేశి ధాటికి పల్లవరాజు కంచి గోడల చాటున దాక్కున్నాడని ఐహొళె శాసనం చెబుతుంది. ఇద్దరూ గెలిచారన్నమాట! ఇలాంటి గెలుపులు మన ఎన్నికల్లో చూస్తూనే ఉన్నాం.

పొలాల మధ్య రెండు స్తంభాలున్నాయి, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ. వాటిని చూసి నేను తెల్లబోయాను. బెయిలీవి కావవి. ఏడాది తర్వాత, 1781 ఆగస్టు 27న, ఐర్ కూట్ దొర ఇదే చోట హైదరాలీతో తలపడ్డాడు. ఎవరు గెలిచారో తేలీ తేలని యుద్ధం. అందులో చచ్చిపోయిన కెప్టెన్ జేమ్స్ హిస్లాప్, లెఫ్టినెంట్ కర్నల్ జార్జ్ బ్రౌన్‌ల పేర్ల మీద నిలిపిన రాళ్ళు. బెయిలీ సమాధి శ్రీరంగపట్నంలో ఉంది. ఆయన ఓటమి కూడా అక్కడే, దరియా దౌలత్ గోడ మీద రంగుల్లో ఉంది: పల్లకీలో ఆయన, చుట్టూ మైసూరు గుర్రాలు. ఓడినవాడి బొమ్మ గెలిచినవాడి గోడ మీద భద్రంగా ఉంది.

బావ రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "గుంటూరు నుంచి నడిచొచ్చిన సిపాయిల పేర్లేవి?" అన్నాడు.

లేవు. బెయిలీ వెంట వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది దేశీ సిపాయిలే. బెంగాలులో ఆ రోజుల్లో ఏ కులంవాడైనా, ఏ ఊరివాడైనా సరే, కంపెనీ సిపాయిని "తెలంగా" అనేవారు. తొలి సిపాయిలు మన వైపు నుంచి వెళ్ళిన గుర్తు అది. పేరేమో గంగ ఒడ్డు దాకా పాకింది, మనుషులేమో ఈ మడి గట్ల కింద ఎక్కడో. అన్నట్టు హైదరాలీ కూడా తన ఊరు చేరలేదు. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో ప్రాణం వదిలాడు. "మా జిల్లాయే" అన్నాడు బావ, ఆ 1960 సంగతి మర్చిపోయి.

స్తంభం నీడలో ఇద్దరు పిల్లలు మేకల్ని కాస్తున్నారు. ఇది దేనికి కట్టారో తెలుసా అని నా అరకొర తమిళంలో అడిగాను. తెలుసన్నట్టు తలూపి, మా డబ్బా వైపు చూశారు. మిగిలిన పులిహోర వాళ్ళకు చేరింది.

తిరిగి తిరువళ్ళూరు చేరేసరికి చీకటి పడింది, సన్నగా తుంపర. ఆవడి వచ్చి పడుకో, పొద్దున్నే తిరుత్తణి బండి ఎక్కొచ్చు అన్నాను. బావ మబ్బుకేసి చూశాడు.

"మా ఊరికి పోవాలంటే మధ్యలో ఆ ఏరే దాటాలి బావా. బెయిలీ కూడా పొద్దున్నే అనే అనుకున్నాడు" అంటూ కదులుతున్న బస్సెక్కేశాడు.