చిన్నమ్మి బండి: ముందు ఒగ్గేయడం నేర్పాను



నౌపడలో చిన్న బండి అంటే మన పెద్దోళ్లకి ఇప్పటికీ పర్లాకిమిడి రాజావారి రైలే గుర్తొస్తుంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేశారు, 1931కి గుణుపురం దాకా వెళ్లింది. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచేది. ఇప్పుడది పెద్ద లైను అయిపోయింది. ఈరోజు నేను రాసే చిన్న బండి దానికంటే బాగా చిన్నది. పిల్లలు నడిపే కరెంటు మోటారు సైకిల్. సంక్రాంతి నుంచి మా కళ్లంలో మా చిన్నమ్మి దాన్ని నడుపుతోంది. దానికి ఆరేళ్లు. చూసినోళ్లలో సగం మంది "ఎంతకి కొన్నావు" అన్నారు, మిగతా సగం "ఆడపిల్లకి ఇదేటి" అన్నారు. ముందు వీళ్లిద్దరికీ సమాధానం చెప్పేస్తాను.

కొనలేదు. మా బావమరిది విశాఖలో ఉంటాడు. వాళ్ల అబ్బాయి కాళ్లు పొడుగై బండి సరిపోక మూలన పడేస్తే, పండక్కి వస్తూ మాకు తెచ్చి ఇచ్చాడు. కొత్తది కొనాలంటే మాటలు కాదు. హీరో వాళ్లు విడా పేరు మీద నాలుగు నుంచి పదేళ్ల పిల్లల కోసం ఒకటి తీశారు, తీసినప్పుడు ఇంచుమించు 70 వేలు. 2025-26లో ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. లెక్కేసుకోండి, దగ్గర దగ్గర 30 క్వింటాళ్ల ధాన్యం. అది మన చేలో ఎకరం పంట దాటిపోతుంది. అమెరికాలో ఇలాంటి బండ్లు చేసే స్టేసిక్ అనే కంపెనీని 2019లోనే హార్లే డేవిడ్‌సన్ వాళ్లు కొనేశారు. పెద్ద బండి అమ్ముకునేవాడు చిన్నప్పుడే అలవాటు చేస్తాడు మరి, వాడి వ్యాపారం వాడిది. కాబట్టి కొనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. చుట్టాల ఇంట్లో పాతది ఉంటే తెచ్చుకోండి. లేదంటే పెడల్ ఊడదీసిన చిన్న సైకిల్ చాలు, నేను చెప్పబోయేదాంట్లో సగం దాని మీదే నేర్పొచ్చు.

ఇక ఆడపిల్ల సంగతి. మా ఇంటిది పెళ్లయిన తొమ్మిదేళ్లకి స్కూటీ నేర్చుకుంది. అప్పటిదాకా టెక్కలి వెళ్లాలంటే ఆటో కోసం గంట నిలబడేది. ఆ మాట అన్నోళ్లకి సమాధానం తనే ఇచ్చింది, నేను మళ్లీ రాయక్కర్లేదు.

అసలు కారణం మా మేనల్లుడు. మీలో చాలామందికి తెలుసు. పదమూడేళ్లప్పుడు పొలంలో ఉన్న వాళ్ల నాన్నకి ఎక్సెల్ మీద క్యారేజీ తీసుకెళ్తూ, మసక చీకట్లో రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు తొట్టిని గుద్దేశాడు. తొట్టి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు. తొడలో రాడ్డు వేశారు. ఇప్పుడు పదిహేడేళ్లు, నడుస్తాడు గానీ కుడికాలు కొంచెం ఈడుస్తాడు. వాడు ఒక మాట అన్నాడు, అది నా బుర్రలోంచి పోలేదు: "మావా, తొట్టి కనపడింది. కనపడగానే భయమేసి గట్టిగా పట్టుకున్నాను. నేను బిగించినకొద్దీ బండి ఇంకా ఉరికింది."

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనం ఎడ్లు తోలినోళ్లం. భయమేస్తే చెయ్యి ఏం చేస్తుంది? పగ్గం బిగిస్తుంది. పగ్గం బిగిస్తే ఎడ్లు ఆగుతాయి. తాతల కాలం నుంచి మన చేతికి ఉన్న తెలివి అది. మోటారు బండికి అది తిరగబడుతుంది. కుడిచెయ్యి బిగుసుకుని, ఒళ్లు వెనక్కి వాలిందంటే మణికట్టుతో పాటు యాక్సిలేటరు కూడా తిరుగుతుంది, బండి ముందుకి దూకుతుంది. దూకిందని ఇంకా బిగిస్తాం. పెట్రోలు బండి అయితే ముందు ఇంజను అరుస్తుంది, ఆ అరుపుకైనా పక్కోడు చూస్తాడు. కరెంటు బండికి అరుపు లేదు. తిప్పిన క్షణంలోనే లాగేస్తుంది.

అందుకని మా చిన్నమ్మికి నడపడం కంటే ముందు ఒగ్గేయడం నేర్పాలనుకున్నాను.

మొదటి వారం బ్యాటరీ పెట్టనేలేదు. కోత మిషన్లు వచ్చాక మన కళ్లాలు ఏడాదిలో సగం రోజులు ఊరికే పడుంటున్నాయి కదా. చదునైన నేల, రాయి ఉండదు, చుట్టూ గట్టు, రోడ్డు మీద వాహనం లోపలికి రాదు. ఇంతకంటే మంచి జాగా పట్నంలో డబ్బిచ్చినా దొరకదు. సీటు బాగా కిందకి దించాను. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. మునివేళ్లు మాత్రమే ఆనితే ఆ బండి ఇంకా ఆ బిడ్డకి పెద్దదే, ఎంత ఏడ్చినా ఎక్కించకండి. కాళ్లతో నేలని తన్నుకుంటూ కళ్లం చుట్టూ తిరిగింది. నాలుగో రోజుకి రెండు కాళ్లూ ఎత్తి నాలుగైదు గజాలు జారింది. బ్యాలెన్సు అంటే అంతే, దానికి మోటారు అక్కర్లేదు.

తర్వాత బ్రేకు. ముగ్గుపిండితో అడ్డగీత గీసి, గీత మీద ముందు చక్రం ఆపితే ఒక చెగోడీ. మా అమ్మ చెగోడీల డబ్బా పట్టుకుని కూర్చుంది. ముందురోజు దాకా "పిల్ల కాలు ఇరగ్గొడతావురా" అని తిట్టిన మనిషి, రెండో రోజుకి "గీత దాటీసింది, ఇవ్వను" అని తనే పంచాయితీ చేసింది.

ఆ తర్వాతే బ్యాటరీ. మా బండికి మూడు స్పీడులున్నాయి. అన్నిటికన్నా తక్కువదాంట్లో పెట్టాను, మనిషి వడిగా నడిచినంత. వెనక సీటు పట్టుకుని నేను పక్కన నడిచేవాణ్ణి. గట్టు మీద మేనల్లుడు కూర్చునేవాడు. వాడి పని ఒక్కటే. ఎప్పుడుపడితే అప్పుడు, చెప్పాపెట్టకుండా "ఒగ్గీ!" అని అరవాలి. ఆ మాట వినగానే కుడిచెయ్యి వదులైపోవాలి, బ్రేకు పడాలి, కాళ్లు కిందకి రావాలి. ఆటలా ఆడించాం. అన్నం తినేటప్పుడు కూడా వాడు "ఒగ్గీ" అంటే ఇది ముద్ద ఒగ్గేసేది. వాళ్లమ్మ ఇద్దర్నీ తిట్టేది.

పన్నెండో రోజు అనుకుంటాను, గడ్డికుప్ప దగ్గర మలుపులో కోడిపెట్ట ఒకటి అడ్డమొచ్చింది. పిల్ల బిగుసుకుపోయింది. ఒళ్లు వెనక్కి వాలడం నాకు కనపడుతోంది, బండి కుప్పవైపు లాగేస్తోంది, నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. గట్టు మీంచి మేనల్లుడు అరిచాడు చూడండి, వీధి చివరదాకా వినపడి ఉంటుంది. రెండు చేతులూ ఒక్కసారి వదులయ్యాయి. బండి కుప్పకి మూర దూరంలో ఆగి పక్కకి ఒరిగింది, పిల్ల గడ్డిలో పడింది. లేచి, గడ్డి దులుపుకుని, "బావా, ఒగ్గేసాను" అంది. వాడు ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాడు.

ఒక జాగ్రత్త. ఈ బండ్లు ఇరవై కేజీల పైన కూడా ఉంటాయి, ఆరేళ్ల పిల్ల బరువూ అంతే. పడ్డప్పుడు బండిని లేపమనకండి, దాని కింద నుంచి బయటికి రావడం నేర్పండి. హెల్మెట్టు మనది పెట్టొద్దు, తలలో గిరగిరా తిరిగేది ఉన్నా లేనట్టే. పిల్లల సైజుది తెచ్చి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించాలి. కాళ్లకి బూట్లు, చెప్పులు వద్దు.

మన ఊరికి ఇంకో బాధ కూడా ఉంది, ఉప్పుమడుల గాలి. మన సైకిల్ చైన్లకి ఏమవుతుందో తెలిసిందే కదా, ఈ బండికి వైర్ల కలుపుళ్లలో కూడా అదే అవుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గోనెసంచి కప్పి లోపల పెట్టండి. పంపు కొట్టి కడగొద్దు.

ఇక అందరూ అడిగేది. "ఇంత బాగా నడుపుతోంది కదా, కొట్టుకి పంపొచ్చుగా?" పంపను. కళ్లం గట్టు దాటనివ్వను. గేర్లు లేని 50 సీసీ లోపు బండికి 16 ఏళ్లు, మిగతావాటికి 18 నిండాలని చట్టం. 2019లో దాన్ని ఇంకా గట్టి చేశారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. "కరెంటు బండికి లైసెన్సు అక్కర్లేదంట కదా" అంటారు కొందరు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు స్పీడు ఉన్నవాటిని మోటారు వాహనం కింద లెక్కపెట్టరు, నిజమే. దానర్థం ఆరేళ్ల పిల్లని ఉప్పు లారీల ముందుకి తోలమని కాదు. ఈ పిల్లల బండికి లైటు లేదు, హారను లేదు, లారీ మీద కూర్చున్న డ్రైవరుకి దీని ఎత్తు కనపడదు. నేర్చిన పిల్లకైనా నేర్వని పిల్లకైనా లారీ ఒకటే.

నాకున్న భయం కూడా చెప్తాను. నేర్పితే ధైర్యం ఎక్కువై, పదేళ్లకే నా బండి తాళం తీసేస్తుందా? ఉండొచ్చు. కానీ నేర్పకపోతే తీయరా? మా మేనల్లుడికి ఎవరూ నేర్పలేదు, క్యారేజీ మాత్రం చేతికిచ్చారు. అందుకని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. పిల్లల బండి తాళం మా అమ్మ బొడ్లో ఉంటుంది, నా బండి తాళం నా జేబులో. గోడ మేకుకి తగిలించడం మానేశాను. మీరు కూడా ఈ ఒక్కటి చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. ట్రాక్టరు ఉన్నోళ్లు తొట్టి వెనక ఎర్ర స్టిక్కరు అంటించండి, వందో రెండొందలో.

మొన్న చిన్నమ్మి అడిగింది, "నానా, నేను రోడ్డు మీదికి ఎప్పుడెల్తాను?" అని. పద్దెనిమిదికి అన్నాను. ఏడు, ఎనిమిది అని వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టింది. పదహారు దగ్గర రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. వాళ్ల బావ తన చెయ్యి చాపి రెండు వేళ్లు ఇచ్చాడు.

ఇప్పుడు కళ్లంలోకి మినుములు వచ్చాయి, అవి కొట్టి ఎత్తేదాకా బండికి సెలవు. బ్యాటరీ తీసి, సగం ఛార్జింగు మీద, ఎండ తగలని అటక మీద పెట్టాను. పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ నెలలు ఉంచితే పాడవుతుంది. రోజూ సాయంత్రం వచ్చి, "మినుములు ఎప్పుడు ఎత్తుతారు" అని అడుగుతోంది. మా ఇంట్లో పంట గురించి ఇంత కంగారు పడే మనిషి ఇదివరకు లేదు.