గెలిస్తే మనోడు, ఓడితే పరాయోడు



జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌కి అభిమానులందరి మద్దతు ఎప్పటికైనా దొరుకుతుందా? దొరకదనే మేం అంటాం. ఇంగ్లండ్‌నే చూడండి. 1966లో ప్రపంచ కప్ గెలిపించిన ఆల్ఫ్ రామ్సేని, 1974 ప్రపంచ కప్‌కి జట్టు అర్హత సాధించలేదని తీసేశారు. గారెత్ సౌత్‌గేట్ జట్టుని రెండు యూరో ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. అయినా 2024లో స్లొవేనియాతో మ్యాచ్ డ్రా అయ్యిందని సొంత అభిమానులే ఆయన మీదకి ప్లాస్టిక్ గ్లాసులు విసిరారు.

మాకు బాగా గుర్తుండేది మాత్రం 2021లో ఇటలీతో ఆడిన ఫైనల్. పెనాల్టీలు మిస్ చేసిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లే. ఓడిపోగానే వాళ్ల రంగుని పట్టుకొని తిట్టారు. సౌత్‌గేట్ మాత్రం, పెనాల్టీలు ఎవరు కొట్టాలో నిర్ణయించింది నేనే, బాధ్యత నాదే అన్నాడు. 1996 యూరోలో ఆయన కూడా పెనాల్టీ మిస్ చేసినవాడే. ఆ బరువేంటో ఆయనకి తెలుసు.

గెలిస్తే మనోళ్లు అనడం, ఓడితే జాతి ఎత్తడం మనకీ కొత్త కాదు. మెడల్ వస్తే ఫొటోలు దిగుతారు, మార్కులు తగ్గితే రిజర్వేషనోళ్లు అంటారు. అందుకే రేపు మనలో ఎవరు కెప్టెనైనా, సంఘానికి నాయకులైనా, అందరి చప్పట్ల కోసం చూడొద్దు. ఓడిన రోజు మనోడి పక్కన నిలబడాలి.

మీరేమంటారు?